స్టూడియో తెర మీద పొద్దు

పోయిన ఆదివారం మధ్యాహ్నం వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే, సెలవలకి వచ్చిన మా మనవరాలు, మా అమ్మాయి కూతురు, బెజవాడలో బొమ్మలేసే చదువేదో చదువుతున్న పిల్ల, ఫోను పట్టుకొచ్చి నా పక్కన చతికిలబడి ఒక బొమ్మ చూపించింది. ఎప్పుడో ఎవరో దేశంగాని దేశంలో వేసిన సముద్రమట. తెల్లారగట్ల సముద్రం, మంచు పట్టిన ఆకాశం, నాలుగైదు తెరచాపలు, వాటి పైన నారింజపండు రంగులో అప్పుడే లేచిన పొద్దు. దగ్గరగా పెట్టుకుంటే ఏమీ లేదు, అన్నీ రంగు మరకలే, కుంచె దులిపినట్టు. దూరంగా పెట్టి చూడమని పిల్ల చెప్పబోయింది గానీ నాకు ఒకరు చెప్పే పనేముంది, అప్పటికే ఫోను లాక్కుని చెయ్యంత దూరాన పట్టుకున్నాను. అప్పుడు అది ఎక్కడో నొక్కింది. రంగులన్నీ పోయి బొమ్మ పాతకాలపు ఫోటోలాగా నలుపూ తెలుపూ అయిపోయింది. తెరచాపలున్నాయి, నీళ్ళున్నాయి. పొద్దు లేదు. ఎక్కడికి పోయిందో పోయింది, ఆ చోట ఒట్టి బూడిద.

"చూశావా అమ్మమ్మా, సూర్యుడు మాయం! ఆ సూర్యుడికీ ఆకాశానికీ రంగులోనే తేడా, వెలుగులో లేదు. మా మేడమ్ చెప్పింది" అంది పిల్ల, గొప్పగా.

మీ మేడమ్ ఇప్పుడు చెప్పిందేమో గానీ నాకు యాభై ఏళ్ళ కిందటే తెలుసే, మీ తాతకి ఇంకా బాగా తెలుసు, అన్నాను. అన్నానో లేదో, నా గొంతు నాకే వింతగా వినిపించింది. నా గొంతు మొదటినుంచీ గరుకేననుకోండి, మా అత్తగారు దాన్ని రోట్లో రాయి తిప్పినట్టుందనేది, కానీ ఆ రోజు ఆ గరుకులోంచి ఇంకేదో వచ్చింది. అప్పటినుంచీ నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. పొయ్యి దగ్గరికి వెళ్ళి ఊరికే తిరిగొస్తున్నాను. నా అవస్థ చూసి పిల్లే అంది, నువ్వు చెప్పు అమ్మమ్మా, నేను రాస్తానని. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద తిరువూరు అన్న బోర్డు గుర్తుపట్టడం తప్ప అక్షరం రాదు. కాబట్టి నోరు నాది, రాత దానిది. తప్పులుంటే సర్దుకోండి.

మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో ఫోటో దిగడమంటే ఎంత హడావుడో. తలంటి పోసుకుని, పెట్టెలోంచి కలరా ఉండల వాసనేసే పట్టుచీర తీసి కట్టుకుని, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళయితే బస్సెక్కి తిరువూరు వచ్చి స్టూడియో మెట్లెక్కడం. లోపల గోడకి ఒక అద్దం, దానికి దారంతో కట్టిన దువ్వెన, పక్కన పౌడరు డబ్బా, అందరికీ ఒకటే. ఒక ఎత్తు స్టూలు, దాని మీద కాయితం పూల కుండీ. వెనక రంగు తెర. ఆ తెర మీద మెట్లో, మేడో, తోటో ఉండేది, మన ఇంట్లో ఏది లేదో అదన్నమాట. కమతగాళ్ళ పెళ్ళికూతురైనా మిల్లు యజమాని కోడలైనా అదే మేడ ముందు నిలబడి ఊపిరి బిగబట్టేవాళ్ళు. తెరలు కూడా బూడిద రంగులోనే వేసేవాళ్ళు, దీపపు మసీ సుద్దా కలిపి. ఫోటోకి రంగు తెలియదు కదా, దండగ రంగులెందుకని. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, నా కథంతా దీని మీదే ఉంది.

మా ఆయన ఆ తెరలు వేసే మనిషి. షాపుల బోర్డులు కూడా రాసేవాడు గానీ ఆయన ప్రాణమంతా నాటకాల తెరల మీద. రాజుగారి దర్బారు తెర, అడవి తెర, వీధి తెర. ఏ నాటకాల కంపెనీ వాళ్ళు పోస్టు కార్డు ముక్క రాసినా సంచీలో కుంచెలు వేసుకుని, ఏ ఊరో కూడా సరిగ్గా చెప్పకుండా బస్సెక్కేసేవాడు. వెళితే నెల, ఒక్కోసారి రెండు నెలలు. నన్ను కట్టుకున్నాక మూడేళ్ళలో ఆయన ఇంట్లో ఉన్నది అంతా కలిపితే ఒక ఏడాది ఉంటుందో లేదో. మా అత్తగారు "వీడి అరికాలులో చక్రం ఉందే, కోడలా" అనేది. నాకూ ఉందేమో గానీ ఆడదాని అరికాలు ఎవరు చూస్తారు. నేను బందరు అవతల సముద్రపు ఒడ్డు దాన్ని. మా నాన్న ఉప్పు మళ్ళలో పని చేసేవాడు, తల్లి లేని నన్ను విస్సన్నపేటలో ఉన్న మా మేనమామ తెచ్చి ఈ మెట్ట ఊరికి ఇచ్చాడు. ఇక్కడ ఎటు చూసినా మామిడి తోటలు, ఎర్రమట్టి, రాళ్ళు. గాలిలో ఉప్పు లేదు. మొదటి ఏడాదంతా నేను పెదాలు నాలుకతో తడుపుకుంటూనే తిరిగాను, ఏదో తక్కువైనట్టు.

డెబ్బై రెండో, డెబ్బై మూడో అయ్యుంటుంది. నాకు ఐదో నెల. అప్పుడు స్టూడియో అన్నయ్యగారు, అంటే బజారులో ఫోటో స్టూడియో పెట్టుకున్న పెద్దమనిషి, మాకు చుట్టమేం కాదు, నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు కాబట్టి అన్నయ్యగారు, మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఒక మాట చెప్పాడు. మాఘమాసం పెళ్ళిళ్ళ నాటికి స్టూడియోకి కొత్త తెర కావాలి, మేడా వద్దు తోటా వద్దు, సముద్రం కావాలి, ఈ చుట్టుపక్కల ఎక్కడా లేని తెర అవ్వాలి. అది జనానికి నచ్చితే స్టూడియో పక్క గది మా ఆయనకి ఇప్పించి, బోర్డు కట్టించి, ఏడాది పొడుగునా తనకీ తన చుట్టాల స్టూడియోలకీ తెరలు ఆయన చేతే వేయిస్తాడు. నేను తలుపు వెనక నిలబడి అంతా వింటున్నాను. ఊళ్ళోనే పని. పుట్టే బిడ్డకి తండ్రి ఇంట్లో ఉంటాడు. నాకింకేం కావాలి? ఆయనకి ఏం కావాలో ఆ రోజు నేను అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

నూనె మిల్లు వెనక వాడకుండా వదిలేసిన రేకుల షెడ్డు ఒకటి ఉంటే దాంట్లో మా ఆయన ముతక గాడా గుడ్డ మూడు పన్నాలు జోడించి కుట్టి, గోడంతా పట్టేలా బిగించి కట్టాడు. వడ్రంగుల జిగురు ఉడికించడం, రంగు పొడి నూరడం నా పని. ఆ జిగురు కంపు పడక కడుపుతో ఉన్నదాన్ని రోజూ రెండుసార్లు వాంతి చేసుకునేదాన్ని, అయినా మానలేదు. నాలుగు రోజుల్లో ఆయన ఒక సముద్రం వేసేశాడు. క్యాలెండర్లలో ఉంటుంది చూడండి, అలాంటిది. గీత గీసినట్టు అలలు, అలల మీద దూది పెట్టినట్టు నురుగు, మూల నుంచి కిరణాలు జల్లుతున్న గుండ్రటి సూర్యుడు. బూడిద రంగులోనే, అన్నయ్యగారు చెప్పినట్టే. నన్ను పిలిచి చూపించాడు.

నేను నవ్వాను.

ఆ నవ్వు నవ్వకుండా ఉంటే ఎలా ఉండేదో అని ఈ యాభై ఏళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో. ఆయన మొహం చిన్నబోయింది. "ఏం, బాగాలేదా?" అన్నాడు. నేను నోరు మూసుకోవచ్చుగా? "దువ్వెనతో దువ్వినట్టుందండీ. సముద్రం ఇలా బుద్ధిగా కూర్చోదు" అన్నాను. అప్పుడు ఆయన చెప్పాడు, తను సముద్రం చూడలేదని. ముప్పై ఏళ్ళ మనిషి, ఇన్ని ఊళ్ళు తిరిగిన మనిషి, అన్నీ మెట్ట ఊళ్ళే తిరిగాడట. "నువ్వు చూశావుగా, చెప్పు మరి" అని నేల మీద కూర్చున్నాడు, బళ్ళో పిల్లాడిలాగా.

నేను చెప్పడం మొదలుపెట్టాను. నాకు మాటలెక్కడివి, వంటింటి మాటలు తప్ప. తెల్లారగట్ల ముందు బియ్యం కడిగిన నీళ్ళలా ఉంటుందన్నాను. కాసేపటికి పావురం మెడలాగా, ఇటు చూస్తే నీలం, అటు చూస్తే ఊదా, మనం కదిలితే పచ్చ. పొద్దు నీళ్ళ మీద పడ్డ చోట చింతపండుతో తోమిన రాగి చెంబు కడుపులో మెరుస్తుందే, ఆ ఎరుపు. ఆయన లేచి, వేసిన సముద్రమంతా సుద్దతో తుడిచేసి, పెట్టెలోంచి నాటకాల తెరల కోసం దాచుకున్న అసలు రంగులు తీశాడు. ఎర్రటి ఇంగిలీకం, నీలిమందు, పసుప్పచ్చ పేవిడి, కావి. అన్నయ్యగారు బూడిద రంగు వెయ్యమన్నాడు కదా అని నేను అననే లేదు. నిజం చెప్పొద్దూ, నా ఊరు నా కళ్ళ ముందుకి వస్తోందని ఆశ పుట్టింది.

రాలేదు, అంత తేలిగ్గా. జిగురు రంగు తడిగా ఉన్నప్పుడు ఒకలా ఉంటుంది, ఆరితే వెలిసిపోతుంది. పొద్దున పావురం మెడ వేస్తే మధ్యాహ్నానికి గోడకి కొట్టిన సున్నంలా ఆరేది. నీలమూ ఎరుపూ కలిపితే మురుగు నీళ్ళ రంగు వచ్చేది. ఆయన చెరపడం, వెయ్యడం, మళ్ళీ చెరపడం. తిండి లేదు, మాట లేదు. షెడ్డులో అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడిచేవాడు. ఒకరోజు నేను షెడ్డు గుమ్మంలో కూర్చుని కందిపప్పూ మినప్పప్పూ చేటలో కలిసిపోతే ఏరుకుంటున్నాను. ఆయన ఆ మూలనుంచి నన్ను చూసి, నన్ను కాదు, చేటని చూసి, ఆగిపోయాడు. అక్కడినుంచి చూస్తే పప్పు ఒకటే రంగట, దగ్గరికొస్తే రెండు. నాలుగుసార్లు దగ్గరికొచ్చి నాలుగుసార్లు వెనక్కి వెళ్ళాడు. నేను పిచ్చెత్తిందనుకున్నాను. మర్నాటినుంచి రంగులు కలపడం మానేశాడు. ఈతమట్ట చివర నలగ్గొట్టి కుంచెలా చేసుకుని, నీలం పక్కన ఎరుపు, ఎరుపు పక్కన పచ్చ, పప్పు గింజల్లాగా ముక్కలు ముక్కలుగా పెట్టుకుంటూ పోయాడు.

మా అత్తగారు ఒకనాడు అన్నం క్యారేజీ తెచ్చి, తెర దగ్గర నిలబడి చూసి, "ఏంట్రా ఇది, గోడకి పేడ కొట్టినట్టుంది! దీనికా వారం రోజులనుంచి ఇల్లు మర్చిపోయారు మొగుడూ పెళ్ళాలూ" అని శాపనార్థాలు పెడుతూ వెళ్ళిపోబోయింది. గుమ్మం దగ్గరికెళ్ళి, క్యారేజీ మూత మర్చిపోయానని వెనక్కి తిరిగింది. తిరిగిన మనిషి అలాగే నిలబడిపోయింది. రేకులకున్న మేకు చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ఆ తెర మీద పడి కదులుతున్నాయి. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే చీర కుచ్చెళ్ళు పట్టుకుని చీలమండ పైకి ఎత్తింది, తడుస్తాయేమోనన్నట్టు. నేనూ ఆయనా చూశాం. ఆమె గబుక్కున కుచ్చెళ్ళు వదిలేసి, "మూత ఎక్కడ తగలబెట్టారు?" అంది. అంతకన్నా పెద్ద మెప్పు ఆయన జీవితంలో ఎరగడు.

ఇక పొద్దు ఒక్కటే మిగిలింది. ఆయన పేవిడిలో సుద్ద ఎక్కువ వేసి తళతళలాడేట్టు పెట్టాడు. కాదన్నాను. సముద్రంలోంచి అప్పుడే లేచిన పొద్దు మెరవదు, సూటిగా కళ్ళు పెట్టి చూడొచ్చు, పక్కనున్న ఆకాశం కన్నా వెలుగు ఎక్కువా ఉండదు తక్కువా ఉండదు, రంగే వేరు, అంతే. మెరిసేది తర్వాత, చూడలేనిది తర్వాత. ఆయన మూడు రోజులు ఆ ఒక్క చుక్కతో యుద్ధం చేశాడు. ఇంగిలీకంలో సుద్ద చిటికెడు వేసి, ఆరనిచ్చి, దూరం వెళ్ళి, సగం కళ్ళు మూసి చూసి, మళ్ళీ చిటికెడు. చివరికి ఒక పొద్దున పొద్దు కుదిరింది. కుదిరింది అనడం తప్పు. అది కుదురుగా ఉండేది కాదు. చూస్తూ ఉంటే కొద్దిగా అదిరేది, పైకి తేలుతున్నట్టు, ఇప్పుడే కదిలి వెళ్ళిపోతుందేమో అన్నట్టు. నేను ఏడ్చాను. కడుపులో పిల్ల మొదటిసారి కదిలింది కూడా ఆ షెడ్డులోనే.

తెర స్టూడియోలో కట్టిన రోజు అన్నయ్యగారు నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఏమోయ్, బూడిద రంగు వెయ్యమంటే బుక్కాగులాలు చల్లావేంటి?" అన్నాడు. మా ఆయన, కెమెరా కోసం కాదండీ, వచ్చినవాళ్ళు చూడాలి కదా అన్నాడు. "వచ్చినవాళ్ళు దానికి వీపు పెట్టి నిలబడతారు కదయ్యా! వాళ్ళు చూసేది నా మొహం!" అనేసరికి అక్కడున్న అందరూ నవ్వారు, మా ఆయన కూడా నవ్వాడు. కానీ అన్నయ్యగారు కూడా వెనక్కి తిరిగి తిరిగి తెరనే చూస్తున్నాడని నేను కనిపెట్టాను. బాగాలేదని ఒక్క మాట అనలేదు. మొదటి ఫోటో మీ ఇద్దరిదే, బోణీ అన్నాడు.

అప్పటికి నాకు ఏడో నెల వచ్చింది, అత్తగారు చేమంతులతో కనకాంబరాలతో పూలజడ వేసింది. కడుపుతో ఉన్నవాళ్ళకి పూలజడ ఫోటో ఎలా తీసేవారో మీకు గుర్తుండే ఉంటుంది, వెనక నిలువుటద్దం పెట్టి, జడ అద్దంలో కనపడేలాగా. అన్నయ్యగారు అద్దం తెచ్చి పెట్టాడు. మా ఆయన వచ్చి దాన్ని పక్కకి లాగేశాడు. పొద్దుకి అడ్డం వస్తోందట. "ఒరే, జడ వేసిందే ఫోటో కోసంరా!" అని అత్తగారు లబలబలాడింది. ఆయన వినలేదు. నన్ను పక్కన నిలబెట్టుకుని, తన కుడి చెవి పక్కన జానెడు పైన పొద్దు పడేలా సరిచూసుకుని నిలబడ్డాడు. కదలకండి అన్నాడు అన్నయ్యగారు. మేం కదల్లేదు. మా వెనక పొద్దే కదులుతూ ఉంది.

ఆ వారంలోనే ముహూర్తాలు. గంపలగూడెం నుంచి, రెడ్డిగూడెం నుంచి కొత్త జంటలు బస్సులు దిగి నేరుగా సముద్రం దగ్గరికే వచ్చారు. కొంతమంది ఫోటో అయిపోయాక కూడా కదలకుండా తెర వైపు తిరిగి నిలబడేవాళ్ళట. ఒక ముసలాయన నీళ్ళు తాకి చూస్తానన్నాడట. మా ఆయన రోజూ వెళ్ళి ఒక మూల నిలబడి వాళ్ళ మొహాలు చూసొచ్చేవాడు. ఆ వారం రోజులూ ఆయన అరికాలులో చక్రం ఆగింది. నా కళ్ళతో చూశాను. పక్క గది ఊడ్చి, గోడకి వెల్ల వేయించుకున్నాం కూడా.

తర్వాత ఫోటోలు కడిగారు.

కబురొస్తే వెళ్ళాం. బల్ల మీద వరసగా పరిచి ఉన్నాయి, ఏడెనిమిది జంటలు, ముందు మేము. అందరూ బిగుసుకుని చక్కగా ఉన్నారు. వెనక ఏమీ లేదు. పొద్దూ లేదు, నీళ్ళూ లేవు. నీలం, ఎరుపు, ఊదా అన్నీ ఒకటే బూడిదై, అక్కడక్కడా చెమ్మ పట్టిన గోడలాగా. నా మటుకు జడా లేదు, సూర్యుడూ లేడు. గంపలగూడెం పెళ్ళికూతురి తండ్రి అప్పటికే వచ్చి అరుస్తున్నాడు. "సముద్రం అన్నారు, ఏదండీ సముద్రం? మా పిల్లని గోడకి ఆనించి తీశారు. ఆ గోడేదో మా ఇంట్లోనూ ఉందిగా, ఇంత దూరం రావడం దేనికి!" అన్నయ్యగారు తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన అంత మాట పడడం నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన ఫోటో ఒక చేత్తో పట్టుకుని తెర వైపు చూస్తాడు, ఫోటో చూస్తాడు, తెర చూస్తాడు. ఎవరో తన వస్తువు దొంగిలించినట్టు.

సంగతి అన్నయ్యగారికే ముందు అర్థమైంది, ఆయన కెమెరా మనిషి కదా. రంగులు వేరైనా అన్నీ ఒకటే వెలుగు, కెమెరాకి అన్నీ ఒకటేనని చెప్పాడు. ఒకటే వెలుగు ఉండాలన్నది ఎవరు? నేను. మా ఆయన మాత్రం నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

అన్నయ్యగారు మంచి మనిషి, తోసెయ్యలేదు. "ఇప్పటికీ మించిపోయింది లేదు నాయనా. సూర్యుడి చుట్టూ ఒక్క నల్ల గీత, అలల మీద నాలుగు తెల్ల గీతలు. అంతే. గది నీదే, బోర్డు నీదే" అన్నాడు. మూడు రోజులు గడువిచ్చాడు. మొదటి రెండు రోజులూ మా ఆయన స్టూడియోకి వెళ్ళడం, తెర ముందు నిలబడడం, కుంచె ముంచకుండా తిరిగి రావడం. రెండో రోజున ఖమ్మం వైపునుంచి నాటకాల కంపెనీ వాళ్ళ కార్డు వచ్చింది. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు, పారెయ్యలేదు. ఆ కార్డు చూశాక నాకు కాలు నిలవలేదు. మూడో రోజు పొద్దున్నే ఆ కడుపుతో నేనే స్టూడియోకి నడిచి వెళ్ళాను. ఆయన మసి రంగు కుంచె చేతిలో పట్టుకుని తెర ముందు నిలబడి ఉన్నాడు. కుంచె ఆరిపోతోంది.

"ఒక్క గీతేగా, గీసెయ్యండి" అన్నాను.

"గీత గీస్తే అది పొద్దు కాదే, పళ్ళెం అవుతుంది."

"పళ్ళెమైతే ఏం? అందులో అన్నం పెట్టుకు తిందాం."

నా నోరు అలాంటిది. ఆయన నా వైపు తిరిగి, కోపం లేకుండా, కుంచె నా చేతికిచ్చాడు. "అయితే నువ్వే గియ్యి. సముద్రం నీదేగా" అన్నాడు.

నేను గియ్యనని అనుకున్నాడో, గీస్తే బాగుండనుకున్నాడో, ఇప్పటికీ నాకు తెలియదు. కుంచె మళ్ళీ మసిలో ముంచాను. చిన్నప్పటినుంచి వాకిట్లో ముగ్గులు తిప్పిన చెయ్యి, చుక్క చుట్టూ ఒక్క తిప్పులో గీత వచ్చేసింది, ఎక్కడా వంకర లేకుండా. గీత మొదలూ చివరా కలిసేసరికి పొద్దు అదరడం ఆగిపోయింది. అంతే. గోడకి కొట్టిన మేకులా ఆగిపోయింది. నేను చూసింది చాలు, మొహం తిప్పేసుకున్నాను. అలల మీద తెల్ల గీతలు ఆయనే పెట్టాడు, చకచకా, ఒక్క క్షణం ఆలోచించకుండా.

ఆ తర్వాత ఫోటోల్లో సూర్యుడు ఎంత బాగా వచ్చాడని! తిరువూరు తిరువూరంతా మెచ్చుకుంది. గంపలగూడెం జంటని పిలిచి ఉత్తినే మళ్ళీ తీశారు, ఆ తండ్రి మామిడికాయల బుట్ట పంపించాడు. గది వచ్చింది, బోర్డు వచ్చింది. కార్డు చొక్కాతో పాటు ఉతుక్కి పోయి ముద్దయింది. నేను కోరుకున్నదంతా జరిగింది, ఏ మాటకామాట చెప్పుకోవాలి. మా అమ్మాయి తండ్రి చెయ్యి పట్టుకునే నడక నేర్చింది. ఆయన ముప్పై ఏళ్ళు ఊరు దాటి పని చెయ్యలేదు. మెట్లు వేశాడు, మేడలు వేశాడు, పూలతోటలు వేశాడు, రంగు ఫోటోలు వచ్చేదాకా అన్నీ బూడిద రంగులో. ఎవరైనా జలపాతం కావాలంటే, నీళ్ళు నాకు రావండీ అనేవాడు. ఇంట్లో ఉండేవాడు గానీ ఒక కాలు ఎప్పుడూ గడప మీదే ఉండేది. బస్సు హారన్ వినపడితే పళ్ళెంలో చెయ్యి ఆగేది. నేను అన్నం వడ్డిస్తూ ఆ చెయ్యినే చూస్తూ ఉండేదాన్ని.

నన్ను ఒక్క మాట అన్నాడా అంటే అనలేదు. అంటే బాగుండేది. మా నాన్న పోయినప్పుడు మొదటిసారి బందరు తీసుకెళ్ళాను. పదో రోజు పొద్దున నేను లేచేసరికి మనిషి పక్క మీద లేడు. వెతుక్కుంటూ ఉప్పు మళ్ళ గట్టు మీదుగా వెళితే ఒడ్డున నిలబడి ఉన్నాడు, చెప్పులు చేతిలో పట్టుకుని. పొద్దు అప్పుడే తేలింది. ఆయన సగం కళ్ళు మూసి చూశాడు, షెడ్డులో చూసినట్టే. నేను వెనకే ఆగిపోయాను, దగ్గరికి వెళ్ళడానికి మొహం చాలక. తిరిగొస్తూ నా పక్కనుంచి నడుస్తూ అన్నాడు, "నువ్వు చెప్పినట్టే ఉందే." కొట్టినా అంత తగిలేది కాదు.

ఆయన పోయి పదకొండేళ్ళయింది. స్టూడియో ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. తెర ఏమైందని అడిగితే ఎవరో మామిడికాయల లారీ మీద కప్పడానికి పట్టుకెళ్ళారన్నారు, వానకి జిగురు కరిగి రంగులు ఏ దారిలో కారిపోయాయో. ఇప్పుడు ఎవరికి వాళ్ళే ఫోటో తీసుకుంటున్నారు, అన్నీ రంగులే, ఎవరూ ఊపిరి బిగబట్టడం లేదు, కడిగి వచ్చేదాకా గుండె కొట్టుకోవడం లేదు. మా మనవరాలు కూడా సముద్రం చూసొచ్చానని వంద ఫోటోలు చూపిస్తుంది, సముద్రం ఏ రంగులో ఉందే అని అడిగితే ఫోను తీసి వెతుకుతుంది. దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ ఒకటనిపిస్తుంది, ఒక మనిషి చూడని సముద్రం కోసం ఇంకో మనిషి పప్పు చేట ముందేసుకుని రోజుల తరబడి మాటలు వెతుక్కోవడం అన్నది పోయింది. మాకు ఉన్నది అదొక్కటే. దాని మీదే నేను గీత గీశాను.

ఈ చుట్టుపక్కల ఊళ్ళలో యాభై ఏళ్ళ కిందట పెళ్ళయిన వాళ్ళ ఏ ఇంటికి వెళ్ళినా గోడ మీద నేను గీసిన సూర్యుడు ఉంటాడు, నల్లగా, గుండ్రంగా, చక్కగా. నేను ఆ గోడ వైపు కూర్చోను. మా ఇంట్లో ఉన్నది మాత్రం ఆ బోణీ ఫోటో. నిన్న సాయంత్రం మనవరాలు దాన్ని గోడ మీదనుంచి దించి, ఫోనులో పెడితే అదే రంగులు వేస్తుంది అమ్మమ్మా అంది. వద్దన్నాను. పోనీ సూర్యుడు ఎక్కడున్నాడో చూపించు అంది. చూపించాను, వాళ్ళ తాత కుడి చెవి పక్కన, జానెడు పైన అని ఆయన కొలిచిన చోట, ఫోటోలో గోరంత ఎడం. పిల్ల కళ్ళు చికిలించి, దగ్గరగా చూసి, దూరంగా పట్టుకుని చూసి, "ఇక్కడేం లేదు కదా అమ్మమ్మా" అంది.

అవునే తల్లీ, గీత లేదు, అన్నాను.